దవడ చివర్లో రావాలి

నవ్వు కోసం రాసే పద్యానికీ, గంభీరమైన కవిత్వానికీ తేడా ఏమిటని ఒకరు నన్నడిగారు. తేడా వస్తువులోనే ఉందని చాలామంది అంటారు. దోమ మీద రాస్తే తేలిక, చావు మీద రాస్తే బరువు. తిరుపతిలో ఒక ఉగాది కవిసమ్మేళనంలో దెబ్బ తినేదాకా నేనూ అలాగే అనుకున్నా.

ఎండాకాలం కరెంటు కోత మీద ఒక ఆటవెలది పద్యం రాసుకుపోయాను. చివరి పాదం ‘దవడ పైన నేను తాళమేసినాను’. ఇద్దరో ముగ్గురో నవ్వారు, అదీ మొహమాటానికి. కిందికి దిగాక మా పాత తెలుగు అయ్యవారు పక్కన కూర్చోబెట్టుకుని, ‘‘నాయనా, ఒక గణం ఎక్కువైంది. అంతకన్నా పెద్ద తప్పు, దవడను ముందే చూపించేశావు’’ అన్నారు. గణమంటే పాదాన్ని కొలిచే అక్షరాల ముక్క. ఆటవెలది నాలుగో పాదంలో సూర్యగణాలనే చిన్న గణాలు ఐదే ఉండాలి, నాకు ఆరు పడ్డాయి. ఆయన ‘నేను’ తీసేసి, దవడను చివరికి నెట్టారు:

ఫ్యాను తిరుగు ననుచు పడుకొంటి గదిలోన
నిదుర రాక ముందె నిలిచె నదియు
దోమ పాట మొదలు తోడుగా కుక్కలు
తాళ మేసినాను దవడ పైన

మరుసటి ఏడాది ఇదే చదివితే హాలంతా గొల్లుమంది.

ఆ మొదటి సభలోనే మా నాన్న పోయినప్పుడు రాసిన వచన కవిత కూడా చదివాను. అందులో రెండు పంక్తులు కుంటుతాయని నాకే తెలుసు. ఎవరూ పట్టించుకోలేదు. పైగా ఒకావిడ వచ్చి, అందులోని మూసిన తలుపు తన పుట్టింటిదిలా ఉందన్నారు. నేను ఆ ఉద్దేశంతో రాయలేదు, కానీ కాదనలేకపోయాను. దోమ పద్యానికి ఆ వెసులుబాటు లేదు. అర్థం ఒకటే, అది అందరికీ ఒకేసారి తగలాలి. మాట ఒక్కటి పక్కకు జరిగినా తగలదు.

గంభీరమైన ‘మహాప్రస్థానం’ రాసిన శ్రీశ్రీ కూడా ‘సిరిసిరిమువ్వా’ అంటూ సరదా పద్యాలు చెప్పడానికి కందమనే కట్టుదిట్టమైన ఛందస్సునే పట్టుకున్నారు. కందంలో గణం తప్పకుండా రాయడం ఎంత కష్టమో రాసి చూసినవాళ్లకు తెలుసు.

ఇంకో తేడా సందర్భం. అష్టావధానంలో ఎనిమిది మంది అడిగేవాటికి ఒక్క అవధానే జవాబు చెప్పాలి. అందులో అప్రస్తుత ప్రసంగానికి, అంటే మధ్యలో అడ్డు తగిలే సంబంధం లేని ప్రశ్నకు, ఆయన ఇచ్చే జవాబు విని సభంతా పగలబడి నవ్వుతుంది. ఇంటికొచ్చి అదే చెబితే మా ఆవిడ ‘‘ఇందులో నవ్వడానికేముంది?’’ అంటుంది. ప్రశ్న వేసే పృచ్ఛకుడు ఏమడిగాడు, అంతకుముందు ఏం జరిగింది, అంతా మొదట్నుంచీ చెప్పుకు రావాలి. మన పెద్దలు చాటువుల్ని, అంటే సందర్భాన్ని బట్టి చెప్పిన విడి పద్యాల్ని, వెనక కథతో సహా చెప్పేది అందుకే.