కాలీఫ్లవర్‌తో పిజ్జా బేస్ చేస్తే ఎందుకు విరిగిపోతోంది?

మైదా లేకుండా కాలీఫ్లవర్‌తో బేస్ చేస్తే మెత్తగా అయిపోయి, ముక్క ఎత్తగానే విరుగుతోందని అడిగారు. కారణం నీళ్లే. కాలీఫ్లవర్‌లో దాదాపు 92 శాతం నీరు ఉంటుంది, అది పిండకపోతే బేస్ లోపల ఉడుకుతుందే తప్ప కాలదు.

మేం విజయవాడలో పటమట రైతుబజార్‌ నుంచి గట్టి పువ్వు చూసి తెస్తాం. విడదీసి, ఉప్పు వేసిన వేడినీళ్లలో పది నిమిషాలుంచి (పురుగులుంటే బయటికొస్తాయి), బాగా ఆరాక తురమండి. ఆ తురుమును ఐదు నిమిషాలు మగ్గబెట్టి, చల్లారాక పల్చటి నూలు బట్టలో మూటకట్టి పిండండి, ఇక రావట్లేదు అనిపించాక ఇంకోసారి పిండండి. ఇక్కడ బద్ధకిస్తే మిగతా కష్టమంతా వృథా. చేతిలో మిగిలింది పొడిపొడిగా ఉండి, గుప్పిట్లో నొక్కితే ముద్ద కట్టాలి.

అందులో ఒక గుడ్డు, గుప్పెడు చీజ్ తురుము, ఉప్పు కలపండి. గుడ్డు తినని ఇంట్లో రెండు మూడు చెంచాల శనగపిండి వేస్తే సరిపోతుంది, కాస్త బజ్జీ రుచి వస్తుంది, నాకైతే అదే ఇష్టం. బేకింగ్ పేపర్ మీద చపాతీ కంటే మందంగా ఒత్తి, 200 డిగ్రీల ఓవెన్‌లో 20–25 నిమిషాలు, అంచులు ఎర్రబడేదాకా ముందు ఖాళీ బేసే కాల్చాలి. ఓవెన్ లేకపోతే మందపాటి పెనం మీద సన్నసెగన రెండువైపులా కాల్చండి, తిప్పేటప్పుడు పళ్లెం సాయం తీసుకోండి. టమాటా గుజ్జు పల్చగానే రాయండి. ప్యాకెట్ చిల్లీ ఫ్లేక్స్ ఎందుకు, గుంటూరు మిరపకాయలు రెండు వేయించి కచ్చాపచ్చాగా దంచి చల్లండి!