ఇసుక విస్ఫోటనమా, కక్కు కొట్టడమా?

సందేహం: నీళ్ల పైపుల లోపలి జంగు వదలగొట్టే షాపులో సూపర్‌వైజర్‌ని. మా కరపత్రంలో శాండ్ బ్లాస్టింగ్‌ను 'ఇసుక విస్ఫోటనం' అని అచ్చు వేశారు. సరైనదేనా? 'జంగు' అని రాయొచ్చా, 'తుప్పు' అనే రాయాలా?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

సమాధానం: విస్ఫోటనం వద్దు. అందులోని స్ఫుట్ ధాతువుకు పగలడం, చీలడం అని అర్థం. మీ పైపులో పగిలేదేమీ లేదు. బ్లాస్ట్ అంటే పేలుడే కాదు, ఉధృతంగా కొట్టే గాలి కూడా. నిఘంటువులో ముందు కనిపించిన అర్థాన్ని పట్టుకుని సంస్కృతం అతికించే అలవాటు ఈమధ్య మరీ ముదిరింది. పని చూడకుండా పేరెలా పెడతారు? 'ఇసుక' కూడా పూర్తి నిజం కాదు. ఇసుక ధూళితో సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది కనుక చాలాచోట్ల ఉక్కు రవ్వో, గార్నెట్ అనే గట్టి ఖనిజపు రవ్వో, రాగి చిట్టెమో వాడుతున్నారు.

ఈ పనిలో గొట్టం కొసన శంకువు లాంటి అడ్డో, గిర్రున తిరిగే తలో పెట్టి పైపులోకి పంపుతారు. గాలి వేగంతో వచ్చే రవ్వ అక్కడ మళ్లి చుట్టూ గోడను కొడుతుంది. జంగుతో పాటు, ఉక్కును వేడిగా సాగదీసినప్పుడు ఏర్పడ్డ నల్లటి పొలుసూ రాలుతుంది. అంతే అయితే 'తోమడం' చాలనేవాణ్ని. కానీ తోమితే నున్నబడుతుంది. ఇక్కడ గోడ గరుకెక్కాలి, లేకుంటే ఆపైన వేసే ఎపాక్సీ పూత గట్టిగా పట్టదు. ఆ గరుకు సాధారణంగా 50 నుంచి 100 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉండేలా చూస్తారు.

దీనికి మన ఇళ్లలోనే మాట ఉంది: కక్కు. ఇసుర్రాయి అరిగి నున్నబడితే పిండి సరిగా పడదు, అప్పుడు ఉలితో కక్కు కొట్టిస్తాం. కొడవలి పళ్లూ కక్కే. వాంతి అర్థంలోని కక్కు వేరు. తమిళంలో కరుక్కు అంటే రంపం పళ్లు, తాటిమట్ట అంచున ఉండే కోరలు. నల్లగొండ వైపు తాటిచెట్టు ఎక్కేవారికి ఆ కోరల పదును చెప్పనక్కర్లేదు. కన్నడంలో కర్కు, కక్కు రెండూ ఉన్నాయి. రేఫ, అంటే 'ర' పోయి, 'క్క' అనే ద్విత్వం మిగిలిందన్నమాట. మన కరకు, గరుకు కూడా ఈ కుటుంబంలోవే. ఒక్క మాటలో పదునూ గరుకూ రెండూ ఉన్నాయి. ఇంత చక్కని మాటను ఇసుర్రాయితో పాటు మూలన పడేయడం నాకు నిజంగా బాధగా ఉంది.

జంగు పారసీ మాట, ఉర్దూ మీదుగా మనకు వచ్చింది. సాలార్‌జంగ్‌లోని జంగ్ వేరు, దానికి యుద్ధమని అర్థం. తుప్పుకు పాత రూపం త్రుప్పు. చిలుము ఎక్కువగా రాగి, ఇత్తడికి చెబుతాం. మీ జిల్లా కరపత్రంలో జంగు అని నిరభ్యంతరంగా రాయండి.

ఇక పని పేరుకు 'శాండ్ బ్లాస్టింగ్' అని తెలుగు లిపిలో రాసినా తప్పు పట్టను. 'రవ్వతో కక్కు కొట్టడం' నాకు నచ్చిన మాట. జంగు వదలగొట్టడమనే అర్థం అందులో పూర్తిగా రాదు కాబట్టి, అదే రాయాలని పట్టుబట్టను. ముందు మీ షాపులో నాజిల్ పట్టే మనిషితో అనిపించి చూడండి.