చేపలు ఉబ్బి చనిపోతే షాపువాళ్లు డబ్బు వెనక్కి ఇవ్వాలా?

ప్రశ్న: మాది ఖమ్మం. మా అబ్బాయి పుట్టినరోజుకి హైదరాబాద్‌లోని ఒక అక్వేరియం షాపులో ట్యాంకు, ఫిల్టరు, ఆరు ఒరాండా గోల్డ్‌ఫిష్‌లు కొన్నాం. మొత్తం 14,600 రూపాయలు, అందులో చేపలకే 5,400. ఇంతకుముందు చేపలు పెంచిన అలవాటు లేదని చెబితే, "నీళ్లు పోసి వదిలేయండి, ఏం కాదు" అని ట్యాంకు, చేపలు ఒకేరోజు ఇచ్చారు. వారం తిరగకుండానే చేపల పొట్టలు ఉబ్బి, పొలుసులు పైకి లేచాయి. వాట్సాప్‌లో ఫొటోలు పంపితే పసుపు రంగు పొడి పొట్లం పార్సిల్ చేశారు. అది వేసినా నాలుగు చనిపోయాయి. మిగిలిన రెండింట్లో ఒకటి ఉబ్బుతోంది. డబ్బు అడిగితే "మేత ఎక్కువ వేసి ఉంటారు, అయినా ప్రాణం ఉన్నవాటికి గ్యారంటీ ఉండదని బిల్లు మీద రాసి ఉంది" అంటున్నారు. వినియోగదారుల కోర్టుకు వెళ్లవచ్చా? - ఒక పాఠకురాలు

జవాబు: వెళ్లవచ్చమ్మా. కానీ ముందు ఉబ్బుతున్న ఆ చేప సంగతి చూడండి. దాని ప్రాణం ముఖ్యం. పైగా, అసలేం జరిగిందో చెప్పగల సాక్ష్యం మీ చేతిలో ఇప్పుడు అదొక్కటే.

దాన్ని వేరే టబ్బులోకి మార్చి ఎయిర్ పంపు పెట్టండి. ఒకటి రెండు రోజులు మేత ఆపండి. రోజూ పావు వంతు నీళ్లు మార్చండి. కుళాయి నీళ్లు నేరుగా పోయకండి, క్లోరిన్ పోగొట్టే మందు కలిపాకే వాడండి. ఒంట్లో చేరిన నీరు తగ్గడానికి 20 లీటర్లకు ఒక టీస్పూను ఎప్సమ్ సాల్ట్ వేస్తారు. ఇది వంటింట్లోని ఉప్పు కాదు, మెడికల్ షాపులో దొరికే మెగ్నీషియం సల్ఫేట్. పొలుసులు పూర్తిగా లేచి నిలబడ్డాక చేప బతకడం కష్టమే. అందుకే ఆలస్యం చేయకుండా పశువైద్యుడికి చూపించండి. విజయవాడలో కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, పెబ్బేరులో మత్స్య కళాశాల ఉంది. అక్కడ పరీక్ష చేస్తారేమో ముందు ఫోన్ చేసి కనుక్కోండి.

ఈ ఉబ్బును డ్రాప్సీ అంటారు. నిజానికి ఇది జబ్బు కాదు, లక్షణం. కిడ్నీలు పనిచేయక ఒంట్లో నీరు చేరితే చేప ఇలా ఉబ్బుతుంది. దాని వెనక ఏరోమోనాస్ లాంటి బ్యాక్టీరియా ఉండవచ్చు, కిడ్నీలో చేరిన పరాన్నజీవి ఉండవచ్చు, అమ్మోనియా పెరిగిన నీళ్లలో చేప నీరసించి ఇన్‌ఫెక్షన్‌కు లొంగిపోయి ఉండవచ్చు. మేత ఎక్కువై మలబద్ధకం వచ్చినా, గుడ్లతో ఉన్నా పొట్ట పెరుగుతుంది గానీ పొలుసులు అలా లేవవు. మీరు షాపుకు పంపిన ఫొటోల్లో పొలుసులు లేచి కనిపిస్తే, "మేత ఎక్కువైంది" అన్న ఒక్క మాటతో షాపువాళ్లు తప్పించుకోలేరు.

ఇక చట్టం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం కదిలించగల ఆస్తి ఏదైనా వస్తువే, చేప కూడా అంతే. లోపం ఉన్న వస్తువును వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి కిందకు వస్తుంది. బిల్లులో గడువు రాయకపోతే 30 రోజులు లెక్క. "గ్యారంటీ లేదు" అన్న ముద్ర సంగతికొస్తే, అమ్మేవాడూ కొనేవాడూ ఒప్పుకుని షరతులు మార్చుకోవచ్చని వస్తు విక్రయ చట్టం, 1930 అంటుంది. షాపు తరఫు లాయరు దాన్నే పట్టుకుంటారు. కానీ డబ్బు కట్టాక చేతికొచ్చిన బిల్లు అడుగున చిన్న అక్షరాల్లో ఉన్నది మీరు ఒప్పుకున్న షరతు ఎలా అవుతుంది? ఆ మాట ముందే చెప్పారా, షాపులో బోర్డు ఏమైనా ఉందా అన్నది గుర్తు చేసుకోండి.

నా దృష్టిలో మీ కేసుకు అసలు బలం వేరేచోట ఉంది. కొత్త ట్యాంకులో చేపల మలమూత్రాల నుంచి వచ్చే అమ్మోనియాను మార్చేసే మేలు చేసే బ్యాక్టీరియా మొదట ఉండదు. ఫిల్టరులో అది పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అలాంటి ట్యాంకును, ఆరు గోల్డ్‌ఫిష్‌లను ఒకేరోజు, అనుభవం లేదని చెప్పినవాళ్లకు "ఏం కాదు" అని అమ్మారు. కొనేవాళ్లు తమ అవసరం చెప్పి, అమ్మేవాడి తెలివిని నమ్ముకుని కొంటే, సరుకు ఆ అవసరానికి తగినట్టు ఉండాలని 1930 చట్టం 16వ సెక్షన్ చెబుతోంది. చేపలు జబ్బుతో వచ్చినా, ట్యాంకు నీళ్ల వల్లే జబ్బు చేసినా షాపువాళ్లు జవాబు చెప్పాలి. ఫిర్యాదులో ఈ రెండు వాదనలూ రాయండి, ఒక్క "జబ్బు చేపలు అమ్మారు" అన్నదాని మీదే నిలబడకండి.

బలహీనతలు కూడా చెప్పాలి. రుజువు చేయాల్సింది మీరే. చనిపోయిన నాలుగింటినీ పారేసి ఉంటే పోస్టుమార్టం అవకాశం పోయింది. ఇకపై ఏ చేప చనిపోయినా డీప్‌ఫ్రీజర్‌లో పెట్టకండి, కణజాలం పాడవుతుంది. ఐస్ మీద పెట్టి కొద్ది గంటల్లో ల్యాబుకు చేర్చండి. నీళ్లు కూడా ఈరోజే అమ్మోనియా, నైట్రైట్ (అమ్మోనియా మారితే వచ్చేది, అదీ చేపలకు విషమే) టెస్ట్ కిట్‌తో చూసి, ఫలితం రంగు తేదీతో సహా కనబడేలా ఫొటో తీయండి. అయితే పొడి వేశాక చూసిన లెక్కలివి, ఆ మందే ఫిల్టరులోని బ్యాక్టీరియాను చంపి ఉండవచ్చని అవతలివాళ్లు అంటారు. ఆ పొడి ఇచ్చింది వాళ్లేనని మీ వాట్సాప్ చెబుతుంది కాబట్టి చాట్ చెరపకండి, ఫోన్ మార్చకండి. ప్రింటుతోపాటు భారతీయ సాక్ష్య అధినియమ్, 2023 లోని 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఫోన్‌లాంటి వాటిలోని రికార్డును సాక్ష్యంగా చూపడానికి ఇచ్చే ధ్రువపత్రం) జతచేయండి.

ఆ పొట్లం ఖాళీ కవరు కూడా దాచండి. పశువులకు, చేపలకు వాడే యాంటీబయాటిక్ కూడా చట్టం దృష్టిలో మందే. లైసెన్సు లేకుండా అమ్మడం నేరం. అందులో ఏముందో తెలియదు కాబట్టి నోటీసులో ఆరోపణ చేయవద్దు. కవరు చూపించి డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు విడిగా ఫిర్యాదు ఇవ్వండి.

మొదట 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయించండి, చాలా తగాదాలు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే మీరుంటున్న ఖమ్మం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే (వినియోగదారుల కోర్టు అంటే ఇదే) కేసు వేయవచ్చు, హైదరాబాద్ తిరగనక్కర్లేదు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. ఘటన జరిగిన నాటినుంచి రెండేళ్ల గడువు ఉంది.

ఎంత అడగాలంటే, చేపల ధర 5,400, పరీక్షల ఖర్చు, కొంత పరిహారం అడగండి. ట్యాంకు, ఫిల్టరు బాగానే ఉన్నాయి కాబట్టి వాటి డబ్బు కూడా కలిపితే మీ మాటకే విలువ తగ్గుతుంది. చేపల ధర, పరీక్షల ఖర్చు ఇస్తామని షాపువాళ్లు ముందుకొస్తే రాతపూర్వకంగా తీసుకుని ఒప్పుకోండి. బదులు వేరే చేపలిస్తామంటే మాత్రం, ట్యాంకులో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చేదాకా తెచ్చుకోకండి.