లైసెన్స్ చెక్ గోల పడలేక లినక్స్‌కి మారాను. మీరూ మారాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ కూడా తెరిచినప్పుడల్లా కంపెనీ సర్వర్‌తో మాట్లాడుతోంది, లైసెన్స్ చెక్ అంటున్నారు గానీ ఆ వంకతో నా ఫైళ్లు కూడా పట్టుకుపోతున్నారా, ఇది వద్దనుకుంటే విండోస్ వదిలి లినక్స్‌కి వెళ్లడమేనా? నాలుగేళ్ల కిందట ఇదే గొడవతో మారినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. మామూలు లైసెన్స్ చెక్‌కి మీ ఫైళ్లతో పని లేదు. ఆ టెన్షన్ పక్కన పెట్టండి. నేను మారింది వేరే కారణంతో.

ఒక సాయంత్రం నా కంప్యూటర్ మదర్‌బోర్డు కాలిపోయింది. కొత్తది వేయించాను. డిస్కు పాతదే, ఫైళ్లన్నీ భద్రం. హమ్మయ్య అనుకుని రోజూ బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ తెరిస్తే, ‘ఈ లైసెన్స్ మరో కంప్యూటర్‌లో వాడుకలో ఉంది’ అంది. అది పూర్తి ధర కట్టి కొన్నది, నెలనెలా అద్దె కట్టేది కాదు. ముందు పాత కంప్యూటర్‌లో డీయాక్టివేట్ చేసి రమ్మంది. ఆ పాత కంప్యూటర్ అంటే నా బల్ల మీదే నల్లటి మచ్చతో పడున్న బోర్డు. మర్నాడు పొద్దున పదింటికి బొమ్మలు ఇవ్వాలి. సపోర్ట్‌కి రాస్తే మొదట బిల్లు అడిగారు, పంపాను. తర్వాత ఫొటో ఉన్న గుర్తింపు కార్డు అడిగారు. ఇన్నేళ్లూ ఆ సాఫ్ట్‌వేర్ చాటుగా ఏం పంపిందో గానీ, ఆ రాత్రి నా పేరు, మొహం, పుట్టిన తేదీ నేనే చేతులారా అటాచ్ చేసి పంపాను. కార్డు నంబర్ మీద మాత్రం కాగితం ముక్క అడ్డం పెట్టి ఫొటో తీశాను. లైసెన్స్ తిరిగి రావడానికి రెండు రోజులు పట్టింది. పని మాత్రం వేరేవాళ్ల కంప్యూటర్ అరువడిగి ముగించాను.

బోర్డు మారితే సాఫ్ట్‌వేర్‌కేం నొప్పి అంటారా? కంప్యూటర్ భాగాలు చూసి లైసెన్స్ ఎవరిదో గుర్తుపట్టే పద్ధతి జనానికి బాగా తెలిసింది 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో. ప్రాసెసర్, డిస్కు, గ్రాఫిక్స్ కార్డు, నెట్‌వర్క్ కార్డు ఇలా పది వివరాలు తీసుకుని, వాటిని హ్యాష్ చేసి, ప్రోడక్ట్ కీతో కలిపి 50 అంకెల ఇన్‌స్టలేషన్ ఐడీ తయారుచేసేది. నెట్ లేనివాళ్లు ఆ అంకెలన్నీ ఫోన్‌లో చదివి వినిపించేవాళ్లు. హ్యాష్ అంటే గింజలు తిరగలిలో వేసి పిండి చేయడం లాంటిది, పిండిని మళ్లీ గింజలు చేయలేరు. కాబట్టి మీ కంప్యూటర్‌లో ఏ డిస్కు ఉందో, దాని నంబరేమిటో అవతలివాళ్లకి నేరుగా తెలియదు. కానీ అవే గింజలు ఎప్పుడు విసిరినా అదే పిండి వస్తుంది. అంటే ‘ఇది మొన్నటి కంప్యూటరేనా’ అన్నది మాత్రం తెలిసిపోతుంది. ఒకటి రెండు భాగాలు మారితే ఊరుకుంటుంది, ఎక్కువ మారితే కొత్త కంప్యూటర్ అనేస్తుంది. మదర్‌బోర్డు మారిస్తే దాని మీదున్న నెట్‌వర్క్ కార్డూ అదీ కలిపి ఒకేసారి చాలా మారిపోతాయి. నా లైసెన్స్ పోయింది అలాగే.

అక్కడితో ఆగి ఉంటే ఎవరూ పెద్దగా పట్టించుకునేవారు కాదు. తర్వాత మైక్రోసాఫ్ట్, విండోస్ కాపీ అసలైనదో కాదో చూసే విండోస్ జెన్యూన్ అడ్వాంటేజ్ అని ఒకటి తెచ్చింది. అందులో భాగంగా వచ్చిన నోటిఫికేషన్ ప్రోగ్రామ్ రోజూ సర్వర్‌కి కబురు పంపుతోందని 2006లో బయటపడి పెద్ద రగడ అయింది. ఆ చెక్‌లో కంప్యూటర్ తయారీదారు, మోడల్, బయాస్ (కంప్యూటర్‌ని మొదట లేపే ప్రోగ్రామ్) వివరాలు, భాష, ప్రాంతం సెట్టింగులు, డిస్కు వాల్యూమ్ సీరియల్ నంబర్ వెళ్లేవి. గొడవయ్యాక రోజూ కాస్తా రెండు వారాలకోసారి అయింది. ఇంకా చోద్యం 2007 ఆగస్టులో జరిగింది. వాళ్ల సర్వర్లే తప్పు చేసి, దాదాపు 19 గంటలపాటు అసలైన కాపీలు వాడేవాళ్లకి ‘మీది నకిలీ’ అని చెప్పాయి. ఎక్స్‌పీ తర్వాత వచ్చిన విండోస్ విస్టా వాడేవాళ్లకి, కిటికీలు అద్దంలా కనిపించే ఏరో లాంటి కొన్ని సౌకర్యాలు ఆగిపోయాయి. డబ్బు కట్టినవాడు అమాయకుణ్ణని రుజువు చేసుకోవాల్సి రావడం అదే మొదలు కాదు, చివరా కాదు.

ఇప్పుడు పరిస్థితి మెరుగే, కానీ ఒక మెలిక ఉంది. విండోస్ 10లో 2016 నుంచి డిజిటల్ లైసెన్స్‌ని మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి జోడించుకునే వీలు వచ్చింది. మదర్‌బోర్డు మార్చినా అకౌంట్‌తో లాగిన్ అయి ‘ఈమధ్యే హార్డ్‌వేర్ మార్చాను’ అని చెబితే చాలావరకు పని అయిపోతుంది. నిజంగా సౌకర్యమే, నా రాత్రి లాంటిది ఎవరికీ రాకూడదు. కాకపోతే మొదట్లో లైసెన్స్‌ని ముడిపెట్టే గుర్తు కంప్యూటర్‌కి సంబంధించినది. ఇప్పుడది మనిషికి సంబంధించినది అయింది. మీకు గోప్యత ముఖ్యమైతే ఆలోచించాల్సింది ఇక్కడ, ఫైళ్ల దగ్గర కాదు.

ఇంకోటి, చాలామంది లైసెన్స్ చెక్‌నీ టెలిమెట్రీనీ ఒకే గాటన కడతారు. రెండూ వేరు. మీరు ఏ యాప్ ఎంతసేపు వాడారు, ఏది క్రాష్ అయింది అన్నవి టెలిమెట్రీలో పోతాయి. విండోస్ 10 అవసరానికి మించి సేకరిస్తోందని ఫ్రాన్స్ డేటా రక్షణ సంస్థ క్నిల్ 2016లో నోటీసు ఇచ్చింది, మార్పులు చేశాక 2017లో ఆ వ్యవహారం ముగించింది. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ డయాగ్నోస్టిక్ డేటా ఆపేయవచ్చు. అక్కడే డయాగ్నోస్టిక్ డేటా వ్యూయర్ అని కూడా ఉంటుంది, ఏం పోతోందో మీ కళ్లతో చూడొచ్చు. ఓ అరగంట కూర్చుని చూడండి, భయం సగం తగ్గుతుంది.

నేను ఇంకాస్త మొండిగా వారం రోజులు రౌటర్‌లో డీఎన్‌ఎస్ లాగ్, అంటే ఇంట్లోంచి ఏ ప్రోగ్రామ్ ఏ సర్వర్ పేరు వెతికిందో రాసిపెట్టే చిట్టా, ఆన్ చేసి పెట్టాను. పంపేది ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది కాబట్టి లోపలేముందో కనపడదు, ఏ సర్వర్ పేరు అడిగిందో మాత్రమే తెలుస్తుంది. నన్ను ఏడిపించిన సాఫ్ట్‌వేర్ రోజుకి రెండు మూడు సార్లు, అదీ తెరిచినప్పుడే. ప్రింటర్‌తో పాటు వచ్చిన ప్రోగ్రామ్ మాత్రం నేను ప్రింట్ తీసినా తీయకపోయినా అదేపనిగా తన కంపెనీ సర్వర్‌కి కబురు పంపుతూనే ఉంది. మిగతా లాగ్‌లో ముప్పాతిక వంతు బ్రౌజర్‌దే, అందులోనూ ప్రకటనల సర్వర్లు. ఇక్కడ నాకు కాస్త సిగ్గేసింది. కుక్కిన పేనులా ఉన్న లైసెన్స్ చెక్ మీద అంత ఆవేశపడ్డాను గానీ, అదే బ్రౌజర్ అవే లాగిన్‌లతో లినక్స్‌లో తెరిస్తే ఆ ముప్పాతికా నా వెంటే వస్తుంది కదా.

అయినా మారాను. నా కోపం ఏం పోతోందన్న దాని మీద కాదు. నా బల్ల మీదున్న కంప్యూటర్‌లో నేను కొన్న ప్రోగ్రామ్ తెరుచుకోవాలో వద్దో ఇంకెవరో చెప్పడం మీద.

మొదట పెన్‌డ్రైవ్‌లో లినక్స్ మింట్ అనే లినక్స్ రకం పెట్టి, ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి చూశాను. వైఫై, సౌండ్, ప్రింటర్ వెంటనే పనిచేశాయి. స్కానర్ మాత్రం నెల రోజులు సతాయించింది. విండోస్ తీసేయకుండా పక్కనే ఇన్‌స్టాల్ చేశాను. అక్కడ రెండు ఎదురుదెబ్బలు తగిలాయి, మీరు తినకండి. డిస్కుకి తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ ముందే రాసి పెట్టుకోండి, బూట్ సెట్టింగులు కదిపితే అది అడుగుతుంది. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి, లేకపోతే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా దిగిపోదు, లినక్స్ నుంచి ఆ డిస్కులో ఏమీ రాయలేరు. నేను ఓ పూటంతా డిస్కు పాడైందనుకుని దిగులుపడ్డాను.

బొమ్మల సాఫ్ట్‌వేర్‌కి లినక్స్ వెర్షన్ లేదు. విండోస్ ప్రోగ్రామ్‌లని లినక్స్‌లో నడిపే వైన్‌లో పెడితే ప్రోగ్రామ్ లేచింది, దాని లైసెన్స్ సర్వీస్ లేవలేదు! సరే, వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపలే నడిచే ఉత్తుత్తి కంప్యూటర్) విండోస్ పెట్టి అందులో వేద్దామనుకుంటే, వర్చువల్ హార్డ్‌వేర్ చూసి మళ్లీ ‘ఇది కొత్త కంప్యూటర్’ అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చివరికి ఇంక్‌స్కేప్ అనే ఉచిత బొమ్మల సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాను. చేతివేగం తిరిగి రావడానికి ఆరు నెలలు పట్టింది, ఆ ఆరు నెలలూ విండోస్‌లోకి వెళ్లి వస్తూనే ఉన్నాను.

లినక్స్ మరీ మడి కట్టుకుని కూర్చుందనీ అనుకోకండి. 2012లో ఉబుంటు అనే లినక్స్ రకం 12.10 వెర్షన్‌లో డెస్క్‌టాప్‌లో వెతికిన మాటలు బయటి సర్వర్‌కి వెళ్లి అమెజాన్ ఫలితాలు వచ్చేవి. చాలా తిట్లు తిన్నాక 16.04లో డిఫాల్ట్‌గా ఆపేశారు. మ్యాక్‌కి వెళ్దామనుకునేవాళ్లు 2020 నవంబర్ 12 గుర్తుంచుకోవాలి. ఆపిల్ సర్వర్ మందగించడంతో ఎంతోమంది మ్యాక్‌లలో యాప్‌లు తెరుచుకోకుండా మొరాయించాయి. అది లైసెన్స్ చెక్ కాదు, యాప్ తయారుచేసినవాళ్ల గుర్తింపు చెల్లుతుందో లేదో చూసే సర్టిఫికెట్ చెక్. కానీ వాడేవాడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

మీ స్థానంలో నేనుంటే ఆపరేటింగ్ సిస్టమ్ జోలికి ముందు వెళ్లను. లిబ్రేఆఫీస్ (ఆఫీసు పనికి), ఫైర్‌ఫాక్స్ (బ్రౌజర్), జింప్ (ఫొటోలకి), ఇంక్‌స్కేప్ అన్నీ విండోస్‌లోనూ నడుస్తాయి. విండోస్‌లో ఉంటూనే ఒక్కోటీ మార్చుకుంటూ రండి. ఎక్సెల్‌లో మాక్రోలతో పని ఉంటే లిబ్రేఆఫీస్‌లో జాగ్రత్తగా పరీక్షించండి, అన్నీ నడవవు. రోజువారీ పనంతా వాటితో అయిపోతే, కింద ఏ సిస్టమ్ ఉందన్నది పెద్ద విషయం కాదు. ఏదో ఒకటి రెండు దగ్గర ఆగిపోతే విండోస్‌లోనే ఉండి సెట్టింగులు సరిచేసుకోండి, తప్పేం లేదు. చెక్ తప్పించుకోవడానికి క్రాక్ (లైసెన్స్ చెక్‌ని దొంగతనంగా తీసేసే ప్రోగ్రామ్) వేయమని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం వినకండి. కంపెనీ హార్డ్‌వేర్ వివరాలు చూస్తుందని భయపడి, ముక్కూ మొహం తెలియనివాడి ప్రోగ్రామ్‌కి అడ్మిన్ అనుమతి ఇవ్వడమేమిటి?

మీకు ఇబ్బంది పెడుతున్న సాఫ్ట్‌వేర్ ఏదో ప్రశ్నలో రాయలేదు. పేరు చెబితే వైన్‌లో నడుస్తుందో లేదో నేను పరీక్షించి చూసి చెబుతాను. ఈలోగా దాని బిల్లు, లైసెన్స్ కీ ఉన్న మెయిల్ వెతికి ప్రింట్ తీసి పెట్టుకోండి. మదర్‌బోర్డు చెప్పి పోదు.