చిత్తూరు బస్సెక్కే ముందు

చిరంజీవి సుధకు మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్రశ్నల పట్టిక చదివాను. నలభై మూడు ప్రశ్నలు! యుద్ధ ఫోటోగ్రాఫర్ మీద డాక్యుమెంటరీ తీస్తున్నావా, పెద్దాయనకు పరీక్ష పెడుతున్నావా? మొదటిదే "భయం వేయలేదా?" అని. ఆ తప్పు నేనూ చేశాను. ఆయన డెబ్బై అయిదో పుట్టినరోజుకు చిన్న వీడియో తీద్దామని వెళ్లి సరిగ్గా ఇదే అడిగాను. యాభై ఏళ్లుగా అందరికీ చెబుతున్న జవాబునే, అవే మాటల్లో నాకూ అప్పజెప్పారు. మెమరీ కార్డు నిండింది, మనిషి మాత్రం దొరకలేదు.

పట్టిక మడిచి పెట్టి ముందు ఆయన బీరువా తెరిపించు. నెగటివ్‌ల డబ్బా మూత తీయగానే పులిసిన వాసన కొడితే ఆ ఫిల్ము పాడైపోతోందని అర్థం. పక్కనున్న వాటికీ ఆ తెగులు పాకుతుంది కాబట్టి పాడైనవాటిని వేరు చేసి మొదట వాటినే స్కాన్ చెయ్యి.

తరువాత కాంటాక్ట్ షీట్లు అడుగు. రోల్‌లోని ముప్పై ఆరు ఫ్రేములూ ఒకే కాగితం మీద వరుసగా ఉంటాయి, అచ్చులోకి ఎక్కనివి కూడా. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి కోటి మంది దాకా శరణార్థులు మన దేశానికి వచ్చారు కదా. కలకత్తా సాల్ట్‌లేక్‌లో పెద్ద పెద్ద సిమెంటు గొట్టాల్లో కాపురాలు పెట్టారు. గొట్టంలో పసిబిడ్డతో కూర్చున్న తల్లిని ఆయన తీసిన ఫోటో మన ఇంట్లోనూ ఉంది, నువ్వు చూసిందే. ఆ షీటు మీద అది ఇరవై ఒకటో ఫ్రేము. ఇరవై రెండులో ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఇరవై మూడులో మట్టి, ఆయన చెప్పుల కొనలు. కెమెరా దించుతుంటే వేలు తగిలి ఉండాలి. మిగిలిన పదమూడూ ఖాళీ. డార్క్‌రూములో ఆ షీటు కడిగినవాణ్ణి నేనే అయినా ఎందుకని అడిగే ధైర్యం ఈనాటికీ రాలేదు. నువ్వూ అడగకు. షీటు ఆయన ముందు పెట్టి, నీ కెమెరాను ఆయన వేళ్ల వైపు తిప్పి ఉంచి, ఊరికే కూర్చో. పది నిమిషాలు మాట్లాడకపోయినా ఆపకు.

క్రిస్టియన్ ఫ్రై 2001లో యుద్ధ ఫోటోగ్రాఫర్ జేమ్స్ నాక్ట్‌వే మీద తీసిన 'వార్ ఫోటోగ్రాఫర్' డాక్యుమెంటరీ ఒకసారి చూడు. స్టిల్ కెమెరాకే బుల్లి వీడియో కెమెరా బిగించారు, షట్టర్ మీది వేలు కూడా కనిపిస్తుంది. అందరూ దాన్నే మెచ్చుకుంటారు. నాకు నచ్చింది వేరు. జకార్తాలో గుంపు ఒకతన్ని చంపబోతుంటే నాక్ట్‌వే మోకాళ్ల మీద పడి బతిమాలాడట. ఆ సంగతి చెప్పేది అతను కాదు, అక్కడున్న మరో కెమెరామన్. అందుకే ఆయన భార్య, అమ్మగారితోనూ మాట్లాడు. కలకత్తా నుంచి వచ్చాక ఆయన ఎలా ఉన్నారో ఆవిడకే తెలుసు. మొదటిరోజు కాఫీ ఇచ్చి "నాకేం తెలుసమ్మా" అంటారు. రెండోరోజు మళ్లీ వెళ్లు.

ఫోటోలు చూపేటప్పుడు నెమ్మదిగా జూమ్ చేస్తూ ఏడుస్తున్న కళ్ల దాకా వెళ్లే పని మాత్రం పెట్టుకోకు, నాకు ఒళ్లు మండుతుంది. అంచులెక్కడ ఉండాలో ఆయన అక్కడే నిలబడి తేల్చుకున్నారు, వాటిని కోయడానికి మనమెవరం? విషాద సంగీతమూ వద్దు.

రికార్డింగులో ఫ్యాను మోత పడుతుంది, ఆపితే ఆయనకు చెమటలు. పైగా జూన్‌లో ఆ వీధి నిండా తోతాపురి మామిడి లారీలే. పొద్దున ఆరింటికల్లా మొదలుపెట్టి ఎండెక్కక ముందే సర్దేసుకో.

స్కానర్ నా దగ్గర ఉంది. తిరుపతిలో దిగి తీసుకెళ్లు. బస్సులో పైన పెట్టకు, ఒళ్లో పెట్టుకో.

మీ మామయ్య