పరాయి ఇంట్లో మొహమాటపడితే పస్తే

"పదో తరగతి అయిన మా పాప ఎక్స్చేంజ్ స్టూడెంటుగా ఏడాది జర్మనీ వెళ్తానంటోంది. ముక్కూ మొహం తెలియని వాళ్ళింట్లో ఎలా ఉంచడం?" అని అడిగారు కదా. మాది నెల్లూరు, మూలాపేట. పదహారేళ్ళప్పుడు నేనూ అలాగే పోయి, హనోవర్ దగ్గర చిన్న ఊళ్ళో పది నెలల్లో మూడిళ్ళు మారి వచ్చాను.

భద్రత సంగతి రెండు ముక్కల్లో చెప్తా. మంచి ప్రోగ్రాం అయితే ఇంటికెళ్ళి చూసి, ఆరా తీసిగానీ పిల్లల్ని అప్పజెప్పరు. ఆ ఇంటితో సంబంధం లేని కౌన్సెలర్ ఒకరు ఉంటారు. పడకపోతే వాళ్ళకి చెప్పుకోవాలి, ఇల్లు మారుస్తారు. ఆ నంబరు మీ దగ్గర కూడా పెట్టుకోండి. నా భయం అది కాదు. మీ పాపకి మొహమాటం ఎంత?

మొదటిరోజు సాయంత్రం ఆరున్నరకే భోజనం. ఆబెంట్‌బ్రోట్ అంటారు, సాయంత్రపు రొట్టె అని. పొయ్యి వెలిగించే పనే లేదు. నల్లటి రై రొట్టె ముక్కలు, చీజు, సీసాలో ఊరేసిన దోసకాయలు, అంతే. రెండు ముక్కలు తిన్నా. ఆ ఇంటావిడ బుట్ట నా వైపు జరిపి ఇంకా కావాలా అంది. మనం మొదటిసారే పెట్టండి అంటామా? నవ్వి, నాకొచ్చిన ఒకే ఒక్క మాట 'డాంకె' అన్నా, థాంక్స్ అనుకుని. బుట్ట అటు వాళ్ళబ్బాయి దగ్గరికి పోయింది. రెండోసారి అడుగుతుందని చూశా. బల్ల తుడిచేసింది.

ఏదన్నా ఇస్తానంటే అక్కడ ఉత్త 'డాంకె' అంటే వద్దని అర్థం. కావాలంటే 'యా, గెర్నె' అనాలి. తాగొద్దు, బండి తోలొద్దు, ప్రేమలొద్దు అని ఓరియెంటేషన్లో వల్లె వేయించారుగానీ ఈ ముక్క ఒక్కరూ చెప్పలా.

నాలుగు రాత్రులు అదే కథ. నాలుగో రాత్రి ఇక తట్టుకోలేక, పెట్టెలోంచి అమ్మ పెట్టిన ఆవకాయ సీసా తీసి, చెన్నై ఎయిర్‌పోర్టులో కొన్న బిస్కెట్లు అందులో ముంచుకుని దుప్పటి కింద కూర్చుని తిన్నా. బిస్కెట్టూ ఆవకాయా! పొద్దున చూస్తే తెల్లటి దుప్పటి మీద అరచేయంత ఎర్ర మరక. ఆవిడ గదిలోకొచ్చింది, మరక చూసింది, చప్పుడు కాకుండా తలుపు వేసింది. నా భుజం నిమిరి, చేతిలో శానిటరీ ప్యాడ్ల ప్యాకెట్టు పెట్టింది. నాకు నవ్వాగలేదు, ఏడుపూ ఆగలేదు. సీసా చూపించా. వేలితో తీసి నాలుక మీద వేసుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ పడీపడీ నవ్వింది. ఆ తర్వాత ఆ ఇంట్లో నేనెప్పుడూ పస్తు పడుకోలేదు.

"నెలకెంత కట్టారమ్మా వాళ్ళకి?" అని మా పెదనాయన ఇప్పటికీ అడుగుతాడు. టికెట్టూ ఇన్సూరెన్సూ మావే, ఇంటివాళ్ళకి మాత్రం పైసా లేదు. ఇలా పిల్లల్ని దేశాలు దాటించే సంస్థలు రోటరీ, ఏఎఫ్ఎస్. ఎవరి పిల్లల్నైనా ఇంటివాళ్ళు ఊరికే పెట్టుకుంటారు. ఏఎఫ్ఎస్ మొదలైందే మొదటి ప్రపంచయుద్ధంలో అంబులెన్సులు నడిపిన వలంటీర్లతో. రెండో యుద్ధం అయ్యాక, 1947 నుంచి హైస్కూలు పిల్లల్ని ఒక దేశం ఇంటి నుంచి ఇంకో దేశం ఇంటికి పంపడం మొదలుపెట్టారు. పెదనాయనకి ఇదంతా ఎక్కదు. చివరికి బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగ గుర్తుచేశా. స్వర్ణాల చెరువులో ఎవరో ఇచ్చిన రొట్టె తింటాం, కోరిక తీరితే మరుసటేడు ఇంకెవరికో ఇస్తాం, ఇచ్చినోళ్ళకే తిరిగి ఇయ్యం కదా అన్నా. "సరేలే, ఇంటర్ ఒక సంవత్సరం పోయిందిగా" అన్నాడు. అదొకటి. నా తోటివాళ్ళు సెకండియర్‌కి పోతే నేను తిరిగొచ్చి ఫస్టియర్‌లో కూర్చున్నా. మా కాలేజీలో నన్ను ఫెయిలైన పిల్లని చూసినట్టు చూశారు. ఒక కొత్త భాష నేర్చుకొచ్చిన పిల్లకి ఇచ్చే గౌరవం అది!

తర్వాతేడు మా ఇంట్లో ఒక జర్మన్ పిల్లని మూడు నెలలు పెట్టుకున్నాం. మొదటి ఆదివారం అమ్మ మామిడికాయ వేసి చేపల పులుసు చేసింది. కంచంలో మిగల్చకూడదని వాళ్ళింట్లో నేర్పారేమో, ఆ పిల్ల పెట్టిందల్లా ఖాళీ చేస్తోంది. కంచం ఖాళీ అయితే ఆకలి తీరలేదని అమ్మ మళ్ళీ వడ్డిస్తోంది. నాలుగోసారి ఆ పిల్ల మొహం చూసి జాలేసి, కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి 'చాలు' అనమని నేర్పా. మన చాలులో ఉండే ఆ 'త్స' వాళ్ళ భాషలోనూ ఉంది, అచ్చం మూలాపేట మనిషిలా పలికింది.

"ఏంది చాలు? పిట్ట తిన్నట్టు తిని!" అంటూ ఆ పిల్ల చెయ్యి పక్కకి జరిపి ఇంకో ముక్క వేసింది అమ్మ.