వేషం ఊడిన అక్షరాలు, లావెక్కిన మదనిక

ప్రశ్న: మాది ములుగు జిల్లా. బడిలో సోషల్ చెప్తాను. రామప్ప గుడి మీద పవర్‌పాయింట్‌లో పన్నెండు స్లైడ్లు హన్మకొండలో ఒక డీటీపీ షాపులో చేయించాను. అక్కడ బాగానే కనబడ్డాయి. పెన్‌డ్రైవ్‌లో తెచ్చి బడి కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు పోయి పిచ్చి గీతలొచ్చాయి. ఆ గుడి ఇటుక నీళ్లలో తేలే వీడియో ఎంత నొక్కినా కదల్లేదు. పిల్లలు ఒకటే నవ్వు. స్లైడ్లు జత చేశాను, చూసి చెప్పండి.

జవాబు: రెండు రోగాలకూ మూలం ఒకటే మేడమ్. స్లైడ్ మీద కనబడేదంతా ఫైల్ లోపల ఉండదు.

మీ షాపువాళ్లు అను ఫాంట్ వాడారు. శుభలేఖలకు, ఫ్లెక్సీలకు అది బాగుంటుంది. కానీ అందులో 'క' అసలు తెలుగు 'క' కాదు, ఏదో ఇంగ్లిష్ గుర్తుకు వేసిన తెలుగు వేషం. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో వేషం ఊడుతుంది. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటరైనా తెలుగుగానే గుర్తుపట్టే అక్షరాల్లోకి మార్పించుకుని, ఒత్తులు ఒకసారి సరిచూసుకోండి. నన్నడిగితే ఫోన్‌లో మీరే కొట్టుకోవడం నయం, అది యూనికోడే. వాట్సాప్ వెబ్‌లోంచి కాపీ చేసి, స్లైడ్‌లో రైట్ క్లిక్ కొట్టి 'కీప్ టెక్స్ట్ ఓన్లీ'తో పేస్ట్ చేయండి. ఫాంట్ 'నిర్మలా యూఐ' పెట్టండి. విండోస్ 8 నుంచి అది సిస్టమ్‌తోనే వస్తోంది.

వీడియో దెబ్బ నేనూ తిన్నాను. ఒక టీచర్ల ట్రైనింగ్‌కు స్లైడ్లు ఒక్కటే పట్టుకుపోయాను, వీడియో ఇంట్లో డెస్క్‌టాప్ మీదే ఉండిపోయింది. ఇరవై నిమిషాలు చేతులు తిప్పుతూ మాట్లాడి బయటపడ్డాను. వీడియో పెట్టేటప్పుడు 'ఇన్సర్ట్' బటన్ పక్కన చిన్న బాణం ఉంటుంది. అందులో 'లింక్ టు ఫైల్' నొక్కితే వీడియో ఎక్కడుందో మాత్రమే రాసుకుంటుంది, లోపలికి తెచ్చుకోదు. ఉత్త 'ఇన్సర్ట్' నొక్కండి. ఫైల్ బరువెక్కితే 'ప్లేబ్యాక్'లో 'ట్రిమ్ వీడియో'తో అనవసరమైంది కోసేయండి. తర్వాత 'ఫైల్', 'ఇన్ఫో', 'కంప్రెస్ మీడియా'. అక్కడ వీడియో నాణ్యత 720p చాలు. అసలు వీడియో ఇంకోచోట దాచుకోండి, కుదించాక పాత నాణ్యత రాదు.

మీరు అడగలేదు గానీ, ఐదో స్లైడ్‌లో మదనిక, అదే గుడి మీది నాట్యగత్తె శిల్పం, బాగా లావెక్కింది. ఫొటోను పక్క చుక్క పట్టుకుని లాగారు. 'పిక్చర్ ఫార్మాట్'లో 'రీసెట్ పిక్చర్ అండ్ సైజ్' కొట్టి, ఈసారి మూల చుక్క పట్టుకుని లాగండి. ఆ నల్లరాతి నడుము అంత సన్నగా చెక్కిన శిల్పికి మనం ఈమాత్రమైనా చేయాలి.

ఏడో స్లైడ్‌లో గుడి కట్టిన 1213, కట్టించిన కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు, 2021 యునెస్కో గుర్తింపు, ఇటుకల ముచ్చట అన్నీ కుక్కారు. డబ్బాలో పట్టక పవర్‌పాయింటే అక్షరాల సైజు తగ్గించేసింది, వెనక బెంచీకి కనబడవు. 1213 ఒక్కటి పెద్దగా ఉంచి మిగతావి నోటితో చెప్పండి. ఇటుక ఎందుకు తేలుతుందో వీడియో వేయకముందే పిల్లల్నే అడగండి.